నాలుగేళ్ల వాడు, పదమూడేళ్ల పిల్ల, తెలుగు తప్ప రాని అమ్మ: అందరికీ కలిపి ఏ బొమ్మల సినిమా పెట్టాలి?

దసరా సెలవులు వచ్చాయంటే హనుమకొండలోని మా ఇంటికి గొళ్లెం పెట్టే పని ఉండదు. కరీంనగర్ నుంచి అక్క పిల్లలు, హైదరాబాద్ నుంచి అన్న పిల్లలు దిగుతారు. నాలుగేళ్ల వాడొకడు, ఎనిమిదేళ్ల పిల్ల, పదేళ్ల వాడు, పదమూడేళ్ల పెద్దమ్మాయి. వీళ్ల వెనక మంచం మీద మా అమ్మ. పగలు ఎలాగో గడిచిపోతుంది. రాత్రి అన్నాలయ్యాక "అత్తా, సినిమా" అని ఒకరు, "చిన్నమ్మా, బొమ్మల సినిమా" అని ఇంకొకరు మొదలుపెడతారు. టీవీ ఒక్కటే. ఎంపిక నాది, నచ్చకపోతే తిట్లూ నాకే.

కొన్నేళ్ల కిందట నేను చేసిన తప్పు ముందు చెబుతాను. ఒక రాత్రి జపాన్‌కు చెందిన జిబ్లీ స్టూడియో సినిమా 'మై నైబర్ టొటోరో' పెట్టాను. ఒక్కరూ కదలలేదు. ఇంకేం, మంచి దుకాణం దొరికిందనుకుని మరుసటి రాత్రి అదే స్టూడియో పేరు చూసి 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' పెట్టాను. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల వానకు తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలితో పడే పాట్ల కథ అది. ఇరవై నిమిషాలకే ఆపేశాను గానీ అప్పటికే ఆలస్యమైంది. "ఆ చెల్లి చివరికి ఏమైంది అత్తా?" అని అన్న కూతురు రెండు రోజులు నన్ను వదల్లేదు. తర్వాత తెలిసింది, ఆ రెండు సినిమాలూ 1988 ఏప్రిల్‌లో జపాన్‌లో ఒకేరోజు, ఒకే టికెట్టు మీద జంటగా విడుదలయ్యాయని. మొదటిది హయావో మియాజాకి తీసినది, రెండోది ఇసావో తకహాత తీసినది. రెండూ గొప్ప సినిమాలే. ఒకటి నాలుగేళ్ల వాడికి పెట్టవచ్చు, రెండోది పదేళ్ల వాడికి కూడా పెట్టకూడదు.

స్టూడియో పేరు వంట చేసినవాళ్ల చేతి రుచిని చెబుతుంది, ఆ రోజు కూరలో కారం ఎంత పడిందో చెప్పదు. అందుకే నేనిప్పుడు స్టూడియోను ఆఖరున చూస్తాను. ముందు చూసేది భాష, తర్వాత భయం, ఆ తర్వాత నిడివి.

భాష దగ్గరే సగం సినిమాలు రాలిపోతాయి. సబ్‌టైటిళ్లు ఉన్నాయి కదా అంటారు. ఎనిమిదేళ్ల పిల్ల ఇంగ్లీషు వాక్యం సగం చదివేలోపు అది తెర మీద ఉండదు. చదువుతున్నంతసేపూ బొమ్మను చూడదు. కాబట్టి పిల్లలు కూర్చోకముందే ఆడియో భాషల జాబితా తెరిచి తెలుగు ఉందో లేదో చూసుకోండి. వాళ్లు కూర్చున్నాక వెతకడం మొదలుపెడితే రిమోట్ ఎవరి చేతిలో ఉండాలన్న తగవు తీర్చడానికే అరగంట పోతుంది. భయం విషయంలో సర్టిఫికెట్ కొంత సాయం చేస్తుంది. ఓటీటీల్లో 7+, 13+, 16+ అని కనిపిస్తాయి, 2024 నుంచి సెన్సార్ బోర్డు కూడా థియేటర్ సినిమాలకు ఇలాగే వయసులు వేస్తోంది. అయితే తల్లి చనిపోయే సన్నివేశం ఉందా అన్నది ఆ అంకెలు చెప్పవు. అది ఇంట్లో పెద్దవాళ్లు ముందే తెలుసుకోవాలి. నిడివి సంగతి తేలిక. తొంభై నిమిషాలు దాటితే మా చిన్నవాడు ఎవరో ఒకరి ఒళ్లో నిద్రపోతాడు.

తెలుగు మాట కావాలంటే డిస్నీ

మా అమ్మ కూడా కూర్చుంటుందంటే నేను మొదట వెతికేది డిస్నీనే. 2019 నాటి 'ద లయన్ కింగ్' తెలుగులో కథానాయకుడైన సింహం సింబాకు నాని, దుష్టుడు స్కార్‌కు జగపతిబాబు, తండ్రి ముఫాసాకు రవిశంకర్ గొంతు ఇచ్చారు. టిమోన్, అడవిపంది పుంబా జంటకు అలీ, బ్రహ్మానందం. అడవిపంది నోరు తెరవగానే మా అమ్మ "ఇది బ్రహ్మానందం కాదూ" అని లేచి కూర్చుంది. అక్కడి నుంచి సినిమా ఆమెది. 2024లో వచ్చిన 'ముఫాసా'కు మహేశ్‌బాబు చెప్పారు. 'ఫ్రోజెన్ 2'లో ఎల్సాకు నిత్యా మేనన్, చిన్ననాటి ఎల్సాకు మహేశ్ కూతురు సితార చెప్పారు.

ఇక్కడే ఒక తూకం ఉంది. 1994లో చేత్తో గీసిన 'లయన్ కింగ్' 88 నిమిషాలు. 2019లో కంప్యూటర్ మీద అచ్చం నిజమైన సింహాల్లా చేసినది 118 నిమిషాలు. కథ అదే. కానీ నిజమైన సింహం ముఖంలో దుఃఖం కనిపించదు, దానికి మనిషిలా ఎత్తీ దించే కనుబొమ్మలుండవు. గీసిన సింహానికి చిత్రకారుడు కనుబొమ్మలు పెట్టాడు, ఏడిపించాడు. సినిమాగా పాతదే మేలని నా అభిప్రాయం. అయినా మా ఇంట్లో కొత్తదే పెడతాను, బ్రహ్మానందం కోసం. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలే చూస్తున్నారంటే పాతది పెట్టండి.

డిస్నీతో ఒక చిక్కు ఉంది. తల్లిదండ్రులను కథ మధ్యలోనే పైకి పంపించే అలవాటు ఆ స్టూడియోకు మొదటి నుంచీ ఉంది. 1942 నాటి 'బాంబి'లో తల్లి జింక వేటగాడి తూటాకు పోతుంది. 'లయన్ కింగ్'లో తండ్రి తొక్కిసలాటలో పోతాడు. 'ఫ్రోజెన్'లో ఇద్దరూ ఓడతో మునుగుతారు. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే ఈ మూడూ పక్కన పెట్టండి. లేదా పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని చూడండి.

పిక్సార్: పిల్లల కోసం పెట్టి మనం ఏడ్చే సినిమాలు

పిక్సార్‌ను డిస్నీ 2006లో కొనేసింది, అయినా రుచి వేరుగానే ఉంది. 1995 నాటి 'టాయ్ స్టోరీ' పూర్తిగా కంప్యూటర్ మీద తయారైన మొట్టమొదటి పూర్తి నిడివి సినిమా. 81 నిమిషాలే. ఇప్పుడు చూస్తే అందులో మనుషుల ముఖాలు కాస్త ప్లాస్టిక్‌లా కనిపిస్తాయి, బొమ్మలు మాత్రం చెక్కు చెదరలేదు. ఎందుకంటే అవి ప్లాస్టిక్‌వే. అప్పటి కంప్యూటర్లకు చేతనైనది అదేనని గ్రహించి బొమ్మల కథే ఎంచుకోవడం వాళ్ల తెలివి. మా గాజు అల్మరాలో పొనికి చెక్కతో చేసిన నిర్మల్ బొమ్మలు కొన్ని ఉన్నాయి. ఆ సినిమా చూసిన రాత్రి మా చిన్నవాడు అల్మరా తలుపు కొంచెం తెరిచి పెట్టి పడుకున్నాడు. రాత్రి అవి బయటికి రావాలి కదా అన్నాడు. మొదటి పిక్సార్ సినిమాగా దీన్నే పెట్టమంటాను.

'ఫైండింగ్ నీమో' కూడా చిన్నవాళ్లదే అంటారు గానీ మొదటి ఐదు నిమిషాల్లో తల్లి చేప, ఒక్కటి తప్ప గుడ్లన్నీ పెద్ద చేప పాలవుతాయి. నేను ఆ ఐదు నిమిషాలు దాటించి, నీమో బడికి వెళ్లే చోట మొదలుపెడతాను. కథకు పెద్ద నష్టం లేదు.

'అప్' సంగతి వేరు. 78 ఏళ్ల ముసలాయన బుడగలు కట్టి ఇంటినే గాల్లోకి లేపే కథ. మొదట్లో కొన్ని నిమిషాల పాటు ఒక్క మాటా లేకుండా ఒక భార్యాభర్తల జీవితమంతా గడిచిపోతుంది. పిల్లలు కలగరు, దాచుకున్న డబ్బు ప్రతిసారీ ఏదో ఒక ఖర్చుకు పోతుంది, ముసలితనం వస్తుంది. "ఆమె ఎందుకు ఏడుస్తోంది?" అని ఎనిమిదేళ్ల పిల్ల నన్ను అడిగింది. నాకంటే ముందు మా అమ్మ "పిల్లలు కలగలేదే" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ఇంగ్లీషు ముక్క రాని మనిషి ఆ గదిలో అందరికంటే బాగా అర్థం చేసుకున్నది ఆ నిమిషాలనే. ఆ తర్వాత మాట్లాడే కుక్కలు, వింత పక్షి వచ్చాక సినిమా పిల్లలదైంది, అమ్మ పక్కకు తిరిగి పడుకుంది. మూడు తరాల వాళ్లు కూర్చుంటే ఒక్కొక్కరికి ఒక్కో ముక్క దొరికే సినిమా ఇది. అయితే ఐదేళ్ల లోపు వాళ్లకు దీని మొదటి భాగం విసుగు పుట్టిస్తుంది, వాళ్లొక్కరే చూస్తారంటే వద్దు.

పెద్దపిల్లలకు నేను తడుముకోకుండా చెప్పేది 'ఇన్‌సైడ్ అవుట్'. 2015లో వచ్చింది. పదకొండేళ్ల పిల్ల తండ్రి ఉద్యోగం వల్ల పాత ఊరు, స్నేహితులు వదిలి కొత్త నగరానికి వెళుతుంది. ఆ పిల్ల తలలోని ఆనందం, దుఃఖం, కోపం, భయం, రోత అనే ఐదు భావాలే పాత్రలు. మా అన్నకు బదిలీ అయి హైదరాబాద్ వెళ్లిన సంవత్సరం వాళ్ల పెద్దమ్మాయి మూడు నెలలు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మేమంతా "నవ్వవే, నవ్వవే" అంటూ దాని వెంటపడ్డాం. ఆ సినిమాలో ఆనందం చేసే తప్పు సరిగ్గా అదే. సినిమా అయ్యాక ఆ పిల్ల నా వైపు ఒక చూపు చూసింది, ఇప్పటికీ గుర్తుంది. 2024 నాటి రెండో భాగంలో ఆ అమ్మాయికి పదమూడు నిండుతాయి, ఆందోళన అనే కొత్త భావం వచ్చి పెత్తనం చేస్తుంది. ఇంటర్ చదువుకు హాస్టల్లో వేయబోయే పిల్లలున్న ఇళ్లలో తల్లిదండ్రులు కూడా కూర్చుని చూడవలసినది. నాలుగేళ్ల వాడికి మాత్రం రెండూ ఎక్కవు, రంగులు చూసి ఊరుకుంటాడు.

జిబ్లీ: పక్కన ఒక కథకుడు ఉంటే

మళ్లీ టొటోరో దగ్గరికి వస్తాను. పదేళ్ల అక్క, నాలుగేళ్ల చెల్లి. తల్లి ఆసుపత్రిలో ఉంటే తండ్రితో కలిసి పల్లెలో పాత ఇంటికి వస్తారు. పెద్ద చెట్టులో ఒక బొద్దు ప్రాణి ఉంటుంది. అంతే. దుష్టుడు లేడు, యుద్ధం లేదు, గెలుపు లేదు. వానలో గొడుగు పట్టుకుని నాన్న బస్సు కోసం ఎదురుచూసే సన్నివేశాన్ని మియాజాకి ఎంత తాపీగా నడిపాడంటే, పరకాల దారిలో ఆఖరి బస్సు కోసం వానలో నిలబడిన ఎవరికైనా ఆ నిశ్శబ్దం తెలుస్తుంది. వరి పొలాలు, బురద, కప్పలు, చెట్టుకు మొక్కడం, వీటిలో మా అమ్మకు పరాయిది ఒక్కటీ కనిపించలేదు. 86 నిమిషాలు. అన్ని వయసులకూ సరిపోయే ఒక్క సినిమా చెప్పమంటే ఇదే చెబుతాను.

దీనికి ఇంగ్లీషు డబ్బింగ్ ఉంది గానీ అది మా అమ్మకు పనికిరాదు. అందుకే ఒక పాత ఉపాయం పట్టాను. నా చిన్నప్పుడు మా ఊళ్లో పద్మశాలీల వాడలో కూనపులివాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవారు. చేర్యాల నకాషీలు గీసిన పొడవాటి పటాన్ని గుంజలకు వేలాడదీసి, ఒక్కో గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ కథ నడిపేవారు. ఎర్రటి నేల మీద కళ్లు పెద్దవి చేసుకున్న ఆ బొమ్మలు కదలవు, కదిలేది కథకుడి గొంతు. నేనూ అదే చేస్తాను. ధ్వని తగ్గించి, ముఖ్యమైన చోట ఒక్క వాక్యం తెలుగులో చెబుతాను. ప్రతి మాటా అనువదించవద్దు, పిల్లలు కసురుతారు. టొటోరోలో మాటలు తక్కువ కాబట్టి పది పన్నెండు వాక్యాలతో సరిపోతుంది. మాటల మీద నడిచే 'ష్రెక్' లాంటి సినిమాకు ఈ ఉపాయం పని చేయదు, నేను ప్రయత్నించి గొంతు పోగొట్టుకున్నాను.

జిబ్లీలోనే ఇంటికి దూరంగా వెళ్లబోయే పిల్లలకు 'కికీస్ డెలివరీ సర్వీస్' ఉంది. పదమూడేళ్ల చిన్న మంత్రగత్తె ఇల్లు వదిలి కొత్త ఊళ్లో సామాన్లు చేరవేస్తూ బతకడం నేర్చుకుంటుంది. మధ్యలో ఆమెకు ఎగరడం మరిచిపోయినట్టు అవుతుంది, దానికి కారణం ఎవరూ విడమరిచి చెప్పరు. మా పెద్దమ్మాయికి అదే నచ్చింది. 'స్పిరిటెడ్ అవే' 2001 నాటిది, ఆస్కార్ అందుకుంది. తల్లిదండ్రులు ఎవరిదో తిండి ఆశగా తిని పందులైపోతారు, వాళ్లను విడిపించడానికి పదేళ్ల కూతురు దేవతలు స్నానానికి వచ్చే ఇంట్లో పనికి కుదురుతుంది. రెండు గంటలకు పైగా నడుస్తుంది. మా ఎనిమిదేళ్ల పిల్ల వేళ్ల సందుల్లోంచి చూసింది గానీ లేచి వెళ్లమంటే వెళ్లలేదు. ఎనిమిది దాటాక పెట్టండి, రాత్రి కాకుండా పగలు.

చేర్యాల పటం ఇష్టపడేవాళ్లకు ఇంకో పేరు: ఐర్లాండ్‌లోని కార్టూన్ సెలూన్. వాళ్ల 'సాంగ్ ఆఫ్ ద సీ'లో బొమ్మలు ఇలాగే చదునుగా, అంచులకు అల్లికలతో ఉంటాయి. లోతు కోసం ఆరాటపడవు. గీత మీద ఆసక్తి ఉన్న పిల్లవాడు ఇంట్లో ఉంటే చూపించండి, చూశాక పెన్సిల్ పట్టుకుంటాడు.

డ్రీమ్‌వర్క్స్, ఇల్యూమినేషన్

ఈ రెండు స్టూడియోలనూ జనం ఒక గాటన కడతారు, అది తప్పు. డ్రీమ్‌వర్క్స్ సినిమాల్లో బాగున్నవి నిజంగా బాగుంటాయి. 'కుంగ్ ఫూ పాండా' గురుశిష్యుల కథ, ఏ భాషలో పెట్టినా అర్థమవుతుంది. నూడుల్స్ దుకాణం నడిపే బాతు తండ్రిని చూసి మా అన్న కూడా నవ్వాడు. 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్'లో కుర్రవాడు, డ్రాగన్ స్నేహం కుదిరే భాగమంతా దాదాపు మాటల్లేకుండానే సాగుతుంది. చివర్లో ఆ కుర్రవాడు ఒక కాలు పోగొట్టుకుంటాడు, ఆ సంగతి పిల్లల దగ్గర దాచరు. దాని దర్శకుల్లో ఒకరైన క్రిస్ శాండర్స్ 2024లో తీసిన 'ద వైల్డ్ రోబోట్' అడవిలో పడిన యంత్రం బాతుపిల్లను పెంచే కథ. తల్లులు జాగ్రత్త. 'ష్రెక్' మాత్రం పాశ్చాత్య జానపద కథలను వెక్కిరించడం మీద నిలబడింది. ఆ కథలు తెలియనివాళ్లకు సగం హాస్యం అందదు.

ఇల్యూమినేషన్ అంటే మినియన్లనే పసుపుపచ్చ బుల్లి జీవులు. 2010లో వాళ్ల మొదటి సినిమా 'డెస్పికబుల్ మీ'కి సుమారు 6 కోట్ల 90 లక్షల డాలర్లు ఖర్చయింది. అదే ఏడాది పిక్సార్ 'టాయ్ స్టోరీ 3'కి 20 కోట్ల డాలర్లు. ఆ తేడా తెర మీద కనిపిస్తుంది, కానీ నాలుగేళ్ల వాడు దాన్ని లెక్కపెట్టడు. మినియన్ల భాష ఎవరికీ అర్థం కాదు కాబట్టి అందరికీ సమానమే. వంటింట్లో పని ఉన్న రోజు పెట్టవలసిన సినిమా. అంతకుమించి నా దగ్గర చెప్పడానికేమీ లేదు.

అసలు మాటే లేనివి

భాష తగవు తెగకపోతే ఇవే దిక్కు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఉన్న ఆర్డ్‌మన్ వాళ్లు తీసిన 'షాన్ ద షీప్ మూవీ'లో ఒక్క అర్థమయ్యే మాట ఉండదు, అంతా గొణుగుడు, మే మే అరుపులు. గొర్రెల మంద తప్పిపోయిన యజమానిని వెతుక్కుంటూ పట్నానికి వెళుతుంది. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే, మనకు ఈ సినిమా మీద హక్కు ఉంది. తయారీ కూడా పిల్లలకు చెప్పదగినది. బొమ్మను చేత్తో రవ్వంత కదిలించి ఒక ఫోటో, మళ్లీ రవ్వంత కదిలించి ఇంకో ఫోటో. తెర మీద ఒక్క క్షణం గడవడానికి ఇలా ఇరవై నాలుగు దాకా కావాలి. ఆదిలాబాద్ వైపు పొలాల అమావాస్యకు మట్టి ఎడ్లు చేస్తారు కదా, మా పదేళ్ల వాడు అలాంటి ఎడ్ల జతను ఫోను ముందు పెట్టి ఒక పూటంతా ప్రయత్నించాడు. అవి రెండడుగులు నడిచాయి.

రెండోది లాత్వియా సినిమా 'ఫ్లో'. 2024లో వచ్చింది, మరుసటి ఏడాది ఆస్కార్ గెలిచింది. ఎవరైనా ఉచితంగా దించుకోగల బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేశారు. వరద ముంచుకొస్తే ఒక నల్లపిల్లి, కుక్క, పక్షి, ఇంకో రెండు జంతువులు ఒకే పడవ ఎక్కుతాయి. చాలా అందమైనది. కానీ 2023 జూలై వానలు గుర్తున్నాయి కదా? మోరంచపల్లిలో జనం ఇళ్ల పైకప్పులెక్కి కూర్చున్నారు, వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అప్పుడు నీళ్లలో నిలబడిన పిల్లలుంటే ఇది సరదా సినిమా అనిపించదు. మా పక్కింటి పిల్లవాడు పావుగంటకే లేచి ఇంటికి వెళ్లాడు. ఆపమని అడగడానికి సిగ్గుపడ్డాడు, పాపం.

మనవి

'ఛోటా భీమ్' పుట్టింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ స్టూడియోలోనని చాలామందికి తెలియదు. టీవీ భాగాలుగా బాగుంటుంది, రెండు గంటల సినిమాగా సాగదీస్తే పదేళ్ల వాడు కూర్చోడు. పురాణం కావాలంటే రెండు దారులున్నాయి. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్ మోహన్, కోయిచి ససాకి కలిసి 1990ల మొదట్లో చేసిన 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' చేత్తో గీసినది. 2025 జనవరిలో తెలుగు మాటలతో మళ్లీ థియేటర్లకు వచ్చింది. యుద్ధం ఉన్నా రక్తం మీద మోజు లేదు, నిదానం ఎక్కువ. అదే ఏడాది జూలైలో వచ్చిన 'మహావతార్ నరసింహ' దీనికి పూర్తిగా ఎదురు. హోరు, ఉగ్రత్వం, కంప్యూటర్ హంగు. ధర్మపురి నరసింహస్వామి మా అమ్మ ఇలవేల్పు. థియేటర్‌లో స్తంభం పగిలే వేళకు ఆమె సీటు కింద చెప్పులు విప్పి చేతులు జోడించింది. అదే వేళకు చిన్నవాడు నా భుజంలో ముఖం దాచుకున్నాడు. బొమ్మల తయారీ అక్కడక్కడ పిక్సార్ ముందు తేలిపోతుంది, అయినా ఆమెకు ఆ లెక్క లేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు నరసింహ ఎంచుకోండి, ఏడేళ్ల లోపు పిల్లలుంటే రామాయణం.

ఈ దసరాకు నా జాబితా ఇదీ. మొదటి రాత్రి 'షాన్', అందరూ అలసిపోయి వస్తారు కాబట్టి. రెండో రాత్రి తెలుగు 'లయన్ కింగ్', చిన్నవాణ్ణి తొక్కిసలాట ముందు పాలు తాగడానికి వంటింట్లోకి పిలుస్తాను. మూడో రాత్రి టొటోరో, కథకురాలిని నేనే. చిన్నవాళ్లు పడుకున్నాక పెద్దమ్మాయికి, పదేళ్ల వాడికి 'ఇన్‌సైడ్ అవుట్ 2' ఒక రాత్రి విడిగా. సద్దుల బతుకమ్మ నాడు ఏమీ పెట్టను. తెల్లవారుజామునే తంగేడు, గునుగు పూల కోసం బయలుదేరాలి, సాయంత్రానికి ఆడపిల్లలెవరూ ఇంట్లో ఉండరు. పదేళ్ల వాడు మాత్రం ఆ పూట టీవీ తనదేనని, మినియన్లు చూస్తానని ఇప్పటికే చెప్పి పెట్టాడు.